మొదటిసారి సౌనాలోకి వెళ్తున్నారా? ముందు బయటికి రావడం నేర్చుకోండి

నేను మొదటిసారి సౌనాలోకి, అంటే ఒళ్ళంతా చెమట పట్టేలా కూర్చునే వేడి గదిలోకి, వెళ్ళినప్పుడు నేరుగా పై బల్ల ఎక్కి కూర్చున్నాను. కింది బల్ల మీద ఇద్దరు పెద్దవాళ్ళు ఉన్నారు. వాళ్ళే అంత తీరిగ్గా కూర్చుంటే వయసులో ఉన్నవాణ్ణి, నేను పైకెక్కకపోతే ఎలా అనిపించింది. గోడకి పదిహేను నిమిషాల ఇసుక గడియారం ఉంది. అది పూర్తిగా కారేదాకా లేవకూడదని నాతో నేనే పందెం వేసుకున్నాను. నాలుగో నిమిషంలో మెళ్ళో గొలుసు చురుక్కుమంది. తీసేద్దామని పట్టుకుంటే వేళ్ళు కాలాయి. పదో నిమిషానికి గుండె చప్పుడు చెవుల్లో వినబడుతోంది. ఇసుక ఇంకా పైన మిగిలే ఉంది. మొత్తానికి పందెం గెలిచాను. గెలిచిన ఊపులో ఒక్క ఉదుటున లేచి నిలబడ్డాను, కళ్ళముందు నల్లటి తెర దిగింది. కింద కూర్చున్న పెద్దాయన జబ్బ పట్టుకుని ఆపకపోతే పొయ్యి మీదికే ఒరిగేవాణ్ణి. బయట బెంచీ మీద కూర్చోబెట్టి, చేతికి నీళ్ళ గ్లాసిచ్చి ఆయన ఒకటే అన్నాడు: "ఇంకాసేపు ఉండాలనిపిస్తున్నప్పుడే లేవాలి."

సౌనాలో నేర్చుకోవాల్సిన పనితనం చాలావరకు ఇదే. లోపల ఎంతసేపు కూర్చున్నారన్నది ఎవరూ లెక్కపెట్టరు. ఎప్పుడు లేచారు, ఎలా లేచారు, బయట ఎంతసేపు చల్లబడ్డారు అన్నదాన్ని బట్టే ఆ సాయంత్రం హాయిగా గడుస్తుందా, తలనొప్పితో ముగుస్తుందా అన్నది తేలుతుంది.

మీరు వెళ్ళేది ఏ గదిలోకి?

సౌనా అని బోర్డున్న గదులన్నీ ఒకటి కావు. ఒక గదికి పనికొచ్చే సలహా ఇంకో గదిలో బెడిసికొడుతుంది కాబట్టి ముందు ఇది తేల్చుకోండి.

చెక్క గోడలు, మెట్లలా రెండు మూడు వరసల బల్లలు, మూలన పొయ్యి, దాని మీద రాళ్ళ గుట్ట ఉంటే అది ఫిన్లాండ్ పద్ధతి సౌనా. పొయ్యి కరెంటుదైనా కావచ్చు, కట్టెలదైనా కావచ్చు. తల ఎత్తున గాలి సాధారణంగా 80 నుంచి 100 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. గాలి బాగా పొడిగా ఉంటుంది, తేమ 10 నుంచి 20 శాతం. కొత్తవాళ్ళకి 70, 80 డిగ్రీల మధ్య ఉన్న గది దొరికితే అదృష్టమే.

టైల్స్ గోడలతో, ఎదుటి మనిషి కనబడనంత పొగమంచులా ఉంటే అది ఆవిరి గది, అంటే స్టీమ్ రూమ్. వేడి 40, 50 డిగ్రీలే. తేమ మాత్రం నూటికి నూరు పాళ్ళు. అంకె చిన్నదని తేలిగ్గా తీసుకోకండి. అక్కడ చెమట పట్టినా ఆరదు, ఒంట్లో వేడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది.

మూడోది ఇన్‌ఫ్రారెడ్ గది. గోడల్లోని హీటర్ పలకలు గాలికంటే ఎక్కువగా ఒంటినే వేడి చేస్తాయి. గది 45 నుంచి 60 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఇందులో రాళ్ళుండవు, నీళ్ళు పోయడమూ ఉండదు. అలవాటు కొద్దీ ఆ పలకల మీద నీళ్ళు చల్లితే కరెంటుతో ఆటలాడినట్టే.

ఇక్కడి నుంచి చెప్పేదంతా మొదటి రకం గురించే. సౌనా అన్న మాటే ఫిన్నిష్ భాషది. సుమారు 55 లక్షల జనాభా ఉన్న ఆ దేశంలో దాదాపు 30 లక్షల సౌనాలున్నాయని అంచనా. అంటే కార్ల గ్యారేజీలా ఇంటింటి సామాను. 2020లో యునెస్కో ఫిన్లాండ్ సౌనా సంస్కృతిని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. పొరుగున ఎస్టోనియాలోని వొరుమా ప్రాంతపు పొగ సౌనా అంతకు ముందే, 2014లో, ఆ జాబితాకెక్కింది.

90 డిగ్రీల్లో మనిషి ఎందుకు ఉడికిపోడు?

90 డిగ్రీల నీళ్ళలో వేలు పెడితే బొబ్బలెక్కుతుంది. అదే 90 డిగ్రీల గాలిలో పది నిమిషాలు కూర్చుని లేచి రావచ్చు. పొడి గాలి పలచన, అది ఒంటికి మోసుకొచ్చే వేడి నీటితో పోలిస్తే చాలా తక్కువ. పైగా చర్మాన్ని అంటిపెట్టుకుని కాస్త చల్లగా ఉండే సన్నటి గాలి పొర ఒకటి ఉంటుంది. చెమట ఆరుతూ మరికొంత వేడిని పట్టుకుపోతుంది.

ఆ పొర సంగతి మీరే చూడొచ్చు. లోపల కూర్చున్నాక మోచేతి మీద మెల్లగా ఊదుకోండి. బయటైతే చల్లగా ఉండాలి, అక్కడ మాత్రం సూదులు గుచ్చినట్టు చురుక్కుమంటుంది. మీ ఊపిరి ఆ రక్షణ పొరని పక్కకి నెట్టేసింది, అంతే. సౌనాలో గబగబా తిరగకూడదనీ, తువ్వాలు విసురుకోకూడదనీ చెప్పేది ఇందుకే. బల్లలో మేకు తల పైకి లేచి ఉంటే అది చెక్కకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా కాలుస్తుంది. రెండిటి వేడీ ఒకటే, కానీ లోహం తన వేడిని చప్పున మీ చర్మంలోకి వదిలేస్తుంది. నా గొలుసు కథ కూడా అదే.

ఒంటి లోపల జరిగేది వేరే. చర్మం 40 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. ఆ వేడిని బయటికి పంపడానికి చర్మం కిందున్న రక్తనాళాలు విప్పారతాయి, గుండె వేగం పెరుగుతుంది. కూర్చున్నచోటే కూర్చున్నా నాడి నిమిషానికి 100, కొందరికి 150 దాకా వెళ్తుంది. అంటే గుండెకి ఇది విశ్రాంతి కాదు, గబగబా నడిచినంత పని. ఒక విడతలో అర లీటరు దాకా చెమట పోవచ్చు. ఇంత రక్తం చర్మం వైపు మళ్ళి ఉన్నప్పుడు చటుక్కున లేస్తే తలకి అందాల్సింది తగ్గుతుంది. నా కళ్ళముందు దిగిన నల్లతెర అదే.

ఎవరు ఆగాలి, ఎవరు డాక్టర్ని అడగాలి

ఈ భాగం దాటేసి చదవకండి, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు కూడా. మీ వెంట వచ్చేవాళ్ళకి పనికొస్తుంది.

ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్ళు, విశ్రాంతిగా ఉన్నా ఛాతీనొప్పి వచ్చేవాళ్ళు, గుండె కవాటం బాగా ఇరుకైనవాళ్ళు సౌనా జోలికి పోకూడదు. జ్వరం ఉన్నప్పుడు వద్దు. "చెమట పడితే జ్వరం దిగుతుంది" అనే లెక్క ఇక్కడ పనిచేయదు, అప్పటికే వేడిగా ఉన్న ఒంటికి ఇంకా వేడి ఎక్కించినట్టవుతుంది. విరేచనాలో వాంతులో అయి నీరసంగా ఉన్న రోజూ వద్దు. గర్భిణులు, ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో ఉన్నవాళ్ళు, తమ డాక్టర్ని అడక్కుండా వెళ్ళకూడదు. పిల్లలు పెద్దవాళ్ళకంటే త్వరగా వేడెక్కుతారు. తీసుకెళ్తే కింది బల్ల మీద, పక్కనే పెద్దవాళ్ళతో, కొద్ది నిమిషాలే.

బీపీ అదుపులో ఉన్న చాలామంది ఇబ్బంది లేకుండానే వెళ్తారు. కానీ బీపీ మాత్రలు, నీరు తీసే మాత్రలు వేసుకునేవాళ్ళకి లేచేటప్పుడు కళ్ళు తిరగడం ఎక్కువ. నిద్రమాత్రల లాంటి మత్తుమందులైతే ఒళ్ళు ఇచ్చే హెచ్చరికలనే తెలియనివ్వవు. వేటికైనా మాత్రలు వాడుతుంటే ఒకసారి డాక్టర్ని అడగండి.

చాలామందికి తట్టనిది ఒకటుంది, ఒంటికి అంటించే మందు పట్టీలు. నొప్పికి వాడే ఫెంటనిల్, గుండెకి వాడే నైట్రోగ్లిజరిన్, పొగ మానడానికి వాడే నికోటిన్ లాంటివి. వేడికి చర్మంలోంచి మందు మామూలుకంటే ఎక్కువగా, వేగంగా ఒంట్లోకి వెళ్తుంది. ఫెంటనిల్ విషయంలో ఇది ప్రాణం మీదికే తెస్తుంది. ఇన్సులిన్ సంగతీ అలాంటిదే. పొడిచిన చోటు వేడెక్కితే అది త్వరగా రక్తంలో కలుస్తుంది, షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. ఆ చెమటా దడా వేడి వల్లేలే అనుకుని పొరబడతారు కూడా.

పిల్లల కోసం ప్రయత్నిస్తున్న మగవాళ్ళకి ఒక మాట: తరచూ ఇంత వేడిలో కూర్చుంటే వీర్యకణాల సంఖ్య కొన్నాళ్ళపాటు తగ్గుతుంది. మానేస్తే మళ్ళీ మామూలవుతుంది.

ఇక మద్యం. నా వరకు ఇందులో బేరసారాల్లేవు. తాగి లోపలికి వెళ్ళడం, లోపల తాగడం రెండూ వద్దు. మద్యం రక్తనాళాల్ని ఇంకా వదులు చేస్తుంది, ఒంట్లో నీరు లాగేస్తుంది, అన్నిటికంటే ముఖ్యంగా "ఇక చాలు, లే" అని చెప్పే తెలివిని మాయం చేస్తుంది. ఫిన్లాండ్‌లో సౌనాలో జరిగే చావుల వెనక పదేపదే కనబడేది ఇదే. వేడిలో నిద్రపోయిన మనిషి తనంతట తానే మెలకువ వచ్చి లేస్తాడని నమ్మకం లేదు.

వెళ్ళే ముందు గంట

కడుపు నిండా తిని వెళ్ళొద్దు, ఖాళీ కడుపుతోనూ వద్దు. భోజనమైతే గంటన్నర, రెండు గంటలు ఆగండి. ఆ మధ్యలో ఒకటి రెండు గ్లాసుల నీళ్ళు నెమ్మదిగా తాగండి. కసరత్తు చేసి వస్తుంటే నాడి నెమ్మదించేదాకా కనీసం పది నిమిషాలు కూర్చోండి.

గొలుసు, ఉంగరాలు, చెవిపోగులు, గడియారం అన్నీ తీసేయండి. కళ్ళజోడు ఫ్రేము కాలుతుంది. కాంటాక్ట్ లెన్సులు ఆరిపోయి కళ్ళు గరగరలాడతాయి. ఫోను బయటే. అది వేడికి పాడవుతుందన్న మాట అటుంచి, బట్టలు సరిగ్గా లేని జనం మధ్య కెమెరా ఉన్న వస్తువు పట్టుకుని కూర్చోవడం ఎంత అసభ్యమో ఆలోచించండి.

సబ్బుతో స్నానం చేయండి, తర్వాత ఒళ్ళు పొడిగా తుడుచుకోండి. స్నానం పక్కవాళ్ళ కోసం, తుడుచుకోవడం మీ కోసం. తడి ఒళ్ళు చెమట పట్టడాన్ని ఆలస్యం చేస్తుంది. పాదాలు చల్లగా ఉంటే గోరువెచ్చటి నీళ్ళలో రెండు నిమిషాలు పెట్టండి, ఒళ్ళంతా సమంగా వేడెక్కుతుంది.

ఏం వేసుకోవాలన్నది ఆ చోటి నియమాన్ని బట్టి. కొన్ని చోట్ల బట్టలే నిషేధం, కొన్ని చోట్ల స్విమ్ సూట్ తప్పనిసరి, ఇంకొన్ని చోట్ల తువ్వాలు చుట్టుకుంటే చాలు. సిగ్గుపడకుండా ముందే అడగండి. ఎంచుకునే వీలుంటే నూలు తువ్వాలే మేలు. బిగుతైన నైలాను ఒంటికి అతుక్కుని చెమట ఆరనివ్వదు. ఈత కొలనులో తడిసిన స్విమ్ సూట్‌తో అలాగే వచ్చేస్తే గదంతా క్లోరిన్ వాసనే.

తువ్వాళ్ళు రెండు కావాలి. ఒకటి కింద పరుచుకోవడానికి, ఒకటి చివర్లో తుడుచుకోవడానికి. పరుచుకునేది పాదాల కిందికీ రావాలి. మీ చెమట బల్లకి అంటకూడదు, ఇది ఎక్కడికెళ్ళినా మారని నియమం.

మొదటి విడత

తలుపు తీసి, లోపలికి వెళ్ళి, వెంటనే వేసేయండి. తీసి పట్టుకుని లోపలున్నవాళ్ళని పలకరించే అలవాటు మానుకోండి, వేడంతా మీ పక్కనుంచే బయటికి పోతుంది.

కింది బల్ల మీద కూర్చోండి. వేడి గాలి పైకి చేరుతుంది కాబట్టి కింది బల్లకీ పై బల్లకీ తేడా ఇరవై ముప్ఫై డిగ్రీల దాకా ఉండొచ్చు. గోడ మీది థర్మామీటరు అది తగిలించిన ఎత్తులో ఎంత వేడుందో చెబుతుంది, మీ మోకాళ్ళ దగ్గర ఎంతో చెప్పదు. మధ్య బల్లకి వెళ్ళాలనిపిస్తే మూడు నిమిషాలు ఆగి వెళ్ళండి. పై బల్ల మొదటి రోజుకి కాదు.

మొదటి నిమిషం కాస్త కంగారుగానే ఉంటుంది. ముక్కు లోపల వేడిగా, ఆరినట్టు అనిపిస్తుంది. అరచేతుల దోసిలి ముక్కుకి అడ్డం పెట్టుకునో, తడిపిన చిన్న గుడ్డ అడ్డం పెట్టుకునో నెమ్మదిగా పీల్చండి. రెండో మూడో నిమిషంలో నుదుటి మీద, పై పెదవి మీద తడి తేలుతుంది. కాసేపటికి ముంజేతుల మీద చిన్న చిన్న చుక్కలు లేచి, ఒకదాన్నొకటి కలుపుకుని జారడం మొదలుపెడతాయి. భుజాలు వాటంతటవే కిందికి దిగుతాయి. సౌనా హాయి మొదలయ్యేది అప్పుడే.

మొదటిసారి ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు చాలు. అలవాటైనవాళ్ళు పది, పదిహేను కూర్చుంటారు. ఇరవై దాటాల్సిన అవసరం ఎవరికీ లేదు. ఇసుక గడియారం ఉంటే తిప్పుకోండి, కానీ అది కొలతే, గురి కాదు. ఒంటి మాటకీ గడియారానికీ కుదరకపోతే ఒంటి మాటే వినండి. పడుకోవాలనిపిస్తే చోటుంటే పడుకోవచ్చు. పడుకుంటే తలా కాళ్ళూ ఒకే ఎత్తున ఉంటాయి కాబట్టి వేడి సమంగా తగులుతుంది. అయితే చివరి రెండు నిమిషాలు మాత్రం లేచి, కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చోవాలి. రక్తం కొత్త భంగిమకి సర్దుకోవడానికి ఆ వ్యవధి కావాలి. తర్వాత గోడనో బల్ల అంచునో పట్టుకుని మెల్లగా నిలబడి, ఒక శ్వాస ఆగి, నడవండి. పొయ్యి వైపు మాత్రం చెయ్యి చాచకండి.

రాళ్ళ మీద నీళ్ళు

ఫిన్లాండ్ వాళ్ళు ఈ ఆవిరిని లోయ్‌లు అంటారు. ఆ మాటకి పాత అర్థం ప్రాణం, ఊపిరి. మన ఆవిరి, ఊపిరి అన్న మాటలు పక్కపక్కన పెట్టి చూసుకుంటే వాళ్ళు ఆ పేరెందుకు పెట్టారో నాకు ఇట్టే అర్థమైంది.

నీళ్ళు పోస్తే గది వేడెక్కిందనుకుంటారు. నిజానికి థర్మామీటరు పెద్దగా కదలదు. జరిగేది ఇదీ: గాలిలో తేమ ఉన్నట్టుండి పెరుగుతుంది, గదిలో అన్నిటికంటే చల్లగా ఉన్నది మన ఒళ్ళే కాబట్టి ఆవిరి వచ్చి దాని మీద నీరుగా మారుతుంది. మారుతూ తనలో దాచుకున్న వేడినంతా చర్మానికి అప్పజెబుతుంది. మరిగే గిన్నె మీద మూత తీసినప్పుడు చేతికి తగిలేది ఇదే. నీళ్ళు పోసిన వెంటనే చేతుల మీద మెరిసే తడి అంతా మీ చెమట కాదు, అందులో కొంత ఇప్పుడే రాళ్ళ మీదినుంచి వచ్చింది. ముందు చెవి కొసలకి, భుజాలకి తగులుతుంది, అర నిమిషంలో తగ్గిపోతుంది. తల వంచుకుని ఆ అల దాటిపోనివ్వండి.

మీరు పోయాలనుకుంటే ముందు లోపలున్నవాళ్ళని అడగండి. కొన్ని చోట్ల ఆ పని సిబ్బందిదే. చిన్న గరిటెడు చాలు. పక్కనుంచి, చెయ్యి చాచి, రాళ్ళన్నిటి మీదా పడేలా నెమ్మదిగా పోయండి. పొయ్యి మీదికి వంగి పోస్తే ఆవిరి నేరుగా ముఖానికి కొడుతుంది. గరిటెడు నీళ్ళు చూడ్డానికి కొంచెమే, కానీ లీటరు నీళ్ళు పదహారు వందల లీటర్లకి పైగా ఆవిరవుతాయి. ఒకదాని వెంట ఒకటి పోయకుండా, మొదటి అల పోయాక ఇంకా కావాలా అని చూసుకోండి.

వాసన కావాలంటే నీలగిరి నూనె లాంటిది ఒకటి రెండు చుక్కలు బకెట్ నీళ్ళలో కలపండి. నూనె సూటిగా వేడి రాళ్ళ మీద వేస్తే భగ్గుమని అంటుకోవచ్చు.

బయటికొచ్చాక

కొత్తవాళ్ళు చెడగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే. లోపల పది నిమిషాలు ఓపిగ్గా కూర్చున్నవాళ్ళు బయట రెండు నిమిషాలు నిలవలేరు. గబగబా నీళ్ళు పోసుకుని మళ్ళీ లోపలికి పరిగెడతారు. రెండో విడతలో తలనొప్పి వస్తుంది, సౌనా నాకు పడదు అని తీర్మానించేస్తారు.

లోపల ఎంతసేపున్నారో బయట కనీసం అంతసేపు ఉండండి. ముందు చల్లగాలిలో రెండు మూడు నిమిషాలు మెల్లగా అటూ ఇటూ నడవండి, ఊపిరితిత్తులకి చల్లటి గాలి కావాలి. తర్వాత గోరువెచ్చటి, ఆపైన చల్లటి షవర్: పాదాల దగ్గర మొదలుపెట్టి మోకాళ్ళు, చేతులు, చివర్లో ఛాతీ, వీపు. అప్పుడు తువ్వాలు కప్పుకుని కూర్చుని కొద్దికొద్దిగా నీళ్ళు తాగండి. ఒంట్లోంచి సన్నగా ఆవిరి లేస్తుంటుంది, చర్మం మీద ఎర్రటి మచ్చలు కనబడతాయి. భయపడకండి, విప్పారిన రక్తనాళాల పని అది, కాసేపట్లో పోతుంది. బుర్రలో మాటలన్నీ ఆగిపోయి, పక్కన ఎవరున్నారన్న ధ్యాస కూడా లేని ఐదు నిమిషాలు వస్తాయి. నేను సౌనాకి వెళ్ళేది ఆ ఐదు నిమిషాల కోసమే.

మంచు నీళ్ళ తొట్టి ఉంటే అందరూ దూకుతున్నారని మీరూ దూకకండి. చల్లటి నీళ్ళలో ఒక్కసారిగా మునిగితే ఊపిరి మన చేతిలో ఉండదు, అసంకల్పితంగా నోరు తెరిచి గుటకేసినట్టు పీల్చేస్తాం. ఆ క్షణంలో తల నీళ్ళలో ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అప్పటిదాకా విప్పారి ఉన్న నాళాలు ముడుచుకుని బీపీ ఎగబాకుతుంది. గుండె జబ్బులున్నవాళ్ళకి ఇది నిషిద్ధమే. మిగతావాళ్ళు నాలుగైదుసార్లు చల్లటి షవర్‌కి అలవాటు పడ్డాక, పక్కన మనిషి ఉన్నప్పుడు, మెట్ల మీదుగా మెల్లగా దిగి, తల ముంచకుండా కొద్ది సెకన్లు ఉండి వచ్చేయాలి.

నాడి మామూలైంది, మళ్ళీ కాస్త చలిగా ఉంది, లోపలికి వెళ్ళాలనిపిస్తోంది అనుకుంటేనే రెండో విడత. చాలామందికి ఇదే బాగుంటుంది, చెమట త్వరగా పడుతుంది. మొదటి రోజుకి రెండు విడతలు చాలు. అలవాటైనా మూడు దాటితే హాయి పోయి నీరసం మిగులుతుంది.

వెంటనే లేవాల్సిన గుర్తులు

తల తేలిపోవడం, వికారం, తలనొప్పి, గుండె లయ తప్పినట్టు కొట్టుకోవడం, ఊపిరి అందకపోవడం. వీటిలో ఏది మొదలైనా "ఇంకొక్క నిమిషం" అనుకోవద్దు. అంత వేడిలో ఒళ్ళు గగుర్పొడిచి చలేసినట్టుంటే, పడుతున్న చెమట ఆగిపోతే, మాట తడబడుతుంటే అది ఇంకా పెద్ద ప్రమాదం. నిలబడలేకపోతే ముందు కింది బల్లకి జారండి, పక్కవాళ్ళని పిలవండి. మొహమాటపడకండి.

పక్కమనిషికి అలా అయితే బయటికి తెచ్చి, వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ళు కాస్త ఎత్తున పెట్టండి. తెలివిలో ఉంటేనే గుక్క గుక్కగా నీళ్ళు ఇవ్వండి. తెలివి తప్పినా, అయోమయంగా మాట్లాడినా వెంటనే అంబులెన్సు పిలవండి. అది వచ్చేదాకా చల్లటి నీళ్ళతో ఒళ్ళు తడుపుతూ విసురుతూ ఉండండి.

ఓర్చుకోవడాన్నే ఆటగా మార్చితే ఏమవుతుందో ఫిన్లాండ్‌లోనే తేలింది. హెయినోలా పట్టణంలో 1999 నుంచి ప్రపంచ సౌనా పోటీలు జరిగేవి. 110 డిగ్రీల గదిలో, అర నిమిషానికోసారి రాళ్ళ మీద నీళ్ళు పోస్తుంటే, చివరిదాకా కూర్చున్నవాడు విజేత. 2010 ఫైనల్లో మిగిలిన ఇద్దరూ కుప్పకూలారు. ఒకరు చనిపోయారు, రెండో ఆయన తీవ్రమైన కాలిన గాయాలతో ఆస్పత్రి పాలయ్యాడు. ఆ పోటీ మళ్ళీ జరగలేదు.

నలుగురిలో

"సౌనాలో గుడిలో ఉన్నట్టు ఉండాలి" అనే అర్థం వచ్చే సామెత ఫిన్లాండ్‌లో ఉంది. చర్చి అంటారు వాళ్ళు. మెల్లగా మాట్లాడుకోవచ్చు, బేరాలూ తగాదాలూ వద్దు. ఎదుటివాళ్ళ ఒంటి మీద చూపు నిలపకూడదు. అత్తరు పూసుకుని రాకూడదు, ఆ వేడిలో ఒక్క చుక్క వాసనే గది నిండిపోతుంది. మధ్యలో లేచి వెళ్ళడం తప్పు కానే కాదు, ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు.

అద్దె ఇంట్లోనో, సొంతంగానో సౌనా ఉంటే

మొదటిసారి ఒంటరిగా వెళ్ళొద్దు, కనీసం ఇంట్లో ఇంకొకరికి తెలిసి ఉండాలి. తలుపు బయటికి తెరుచుకోవాలి, ఒక్క తోపుకి తెరుచుకోవాలి, గొళ్ళెం ఉండకూడదు. పొయ్యి చుట్టూ అడ్డుకంచె ఉందో లేదో, గాలి వచ్చే కంతలు మూసుకుపోయాయేమో చూడండి. పొయ్యి పైన తువ్వాళ్ళు ఆరేయడం, సౌనా గదిని బట్టలారేసే గదిగా వాడటం అగ్నిప్రమాదానికి దగ్గరి దారి. హీటర్ వేసేముందు దాని మీద ఎవరైనా ఏమైనా పెట్టారేమో ప్రతిసారీ చూసుకోండి.

కట్టెల పొయ్యి అయితే వేడి నిలుస్తుందని పొగగొట్టం తొందరపడి మూసేయకండి. నిప్పులు పూర్తిగా చల్లారకముందే మూస్తే కార్బన్ మోనాక్సైడ్ గదిలోనే మిగిలిపోతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. రాళ్ళు కూడా సౌనాకని అమ్మేవే వాడాలి. ఏటి ఒడ్డున ఏరుకొచ్చిన రాయిలో చెమ్మ చిక్కుకుని ఉంటే వేడికి పగిలి ముక్కలు ఎగిరిపడతాయి.

ఆ తర్వాత, ఆ మాటకొస్తే దీనివల్ల లాభమేంటి

చివరి షవర్ అయ్యాక వెంటనే బట్టలు తొడుక్కుంటే అవి మళ్ళీ తడుస్తాయి. చెమట ఇంకో పావుగంట పడుతూనే ఉంటుంది, ఆగేదాకా కూర్చోండి. నీళ్ళు తాగండి. మూత్రం లేత పసుపు రంగుకి వచ్చేదాకా తాగుతుంటే సరిపోతుంది. ప్రత్యేకమైన పానీయాలేం అక్కర్లేదు, తర్వాతి భోజనంలో ఉప్పు ఉంటుంది కదా. తల తేలిగ్గా ఉన్నంతసేపు బండి నడపొద్దు.

మొదటి నెల వారానికి ఒకటి రెండుసార్లు వెళ్ళి చూడండి. కండరాల బిగుతు సడలడం, ఆ రాత్రి నిద్ర బాగా పట్టడం చాలామంది చెప్పేవే, నాకూ అనుభవమే. తూర్పు ఫిన్లాండ్‌లో 2315 మంది నడివయసు మగవాళ్ళని దాదాపు 20 ఏళ్ళు గమనించి 2015లో ఒక అధ్యయనం ప్రచురించారు. వారానికి నాలుగు నుంచి ఏడుసార్లు సౌనాకి వెళ్ళేవాళ్ళలో, ఒక్కసారే వెళ్ళేవాళ్ళకంటే, ఆకస్మిక గుండె మరణాలు తక్కువగా కనిపించాయి. మంచి వార్తే, కానీ ఆ ఆరోగ్యం సౌనా ఇచ్చిందా, లేక ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే ఎక్కువసార్లు వెళ్ళగలిగారా అన్నది ఇలాంటి గమనింపు ఒక్కటే తేల్చలేదు. చిన్నప్పటినుంచీ అలవాటైనవాళ్ళ లెక్క అది. చూసి రేపటినుంచి రోజూ వెళ్ళాలని పెట్టుకోకండి.

చెమటతో ఒంట్లో విషాలన్నీ పోతాయనే ప్రకటనలు మాత్రం నమ్మకండి. చెమటలో ఉండేది దాదాపు అంతా నీళ్ళూ ఉప్పూ. విషాల పని కాలేయం, మూత్రపిండాలు చూసుకుంటాయి. బరువు సంగతి మీరే తేల్చుకోవచ్చు. వెళ్ళేముందు, వచ్చాక తూకం యంత్రం ఎక్కితే అర కిలో తగ్గినట్టు చూపిస్తుంది. రెండు గ్లాసుల నీళ్ళు తాగి మళ్ళీ ఎక్కండి.